ఒంటిగంట ఆట

ఆ… హలో, నేనేనే అక్కా, లెనీని. కాస్త గట్టిగా మాట్లాడు, ఇక్కడంతా గోల…

విన్స్ బార్లోనే. ఇంకెక్కడుంటాను? పొద్దున కుర్చీలు వేసిన దగ్గర్నుంచీ ఇక్కడే పడున్నా…

జనమా… ఉన్నారు. బారు నిండా ఉన్నారు. నిలబడ్డానికి చోటు లేదు…

నిజమేనే, నేనెందుకు అబద్ధం చెప్తాను… సరేగానీ, మన కొరిన్ ఆట ఇంకా మొదలవ్వలేదేంటి? దాని టెన్నిస్ కోర్టులో ముందాడుతున్న ఆ మగాళ్ళిద్దరూ ఇంకా దిగలేదా?…

ఐదో సెట్టా. ఖర్మ.

టీవీలో చూసుకోవచ్చుగా అంటావేంటి… నాకు ఇక్కణ్ణించి సరిగ్గా కనపడట్లేదు… ఏం లేదు, స్తంభం అడ్డం వచ్చింది. అంతే.

కొరిన్ ఏం చేస్తోంది?… పొద్దుట్నించీ ఏమీ తినలేదా? అరటిపండైనా?… రెండుసార్లు వాంతి చేసుకుందా… అదేంటక్కా, అర్హత పోటీల నుంచి వరసగా గెలుచుకుంటూ వచ్చిందిగా. అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?… ఊఁ… ఊఁ… అవతలిది ప్రపంచంలో మూడోదైతే మాత్రం, దానికేమైనా నాలుగు చేతులున్నాయా…

ఏమడిగింది?… మన ఊరివాళ్ళ గొంతు ఒక్కసారి వినాలందా.

…

ఇంకేమంది? చెప్పు.

అంత పెద్ద న్యూయార్కులో తనకోసం అరిచేవాళ్ళు ఒక్కళ్ళూ లేరందా… నువ్వున్నావుగా పక్కన?… అమ్మ లెక్కలోకి రాదా. బావుంది… ఊరంతా విన్స్ బార్లో కూచుని చూస్తుందని దానికి నువ్వే కదా చెప్పావు… నేనా? నేనెప్పుడు చెప్పాను?… ఆ. చెప్పానులే.

ఆగాగు, ఏమీ వినపడట్లేదు…

ఏంటీ… ఈ కేకలా? ఇవి కొరిన్ కోసమే అనుకుంటున్నావా?

అక్కా, అది నీ పక్కనే ఉందా?… కొంచెం అవతలకి జరుగు… జరగమన్నానా… జరిగావా? ఇప్పుడు విను. ఇది ఫుట్‌బాలే. యూనివర్సిటీ వాళ్ళ ఆట. మనవాడెవడో బంతి చంకలో పెట్టుకుని గీత దాటాడు, అందుకు ఈ కేకలు.

మార్చేశారే. నాలుగు టీవీలూ మార్చేశారు… అరవకు. ముందు నేను చెప్పేది పూర్తిగా విను, తర్వాత తిడుదువుగాని.

ఒంటిగంటకి వచ్చారు, కాదనను. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. చర్చి ఆడవాళ్ళు బంగాళాదుంప కూరిన పిరోగీలు గంగాళాల్లో పట్టుకొచ్చారు. ఫైర్ స్టేషన్ మొత్తం దిగింది. మన డచ్‌గాడైతే మొహానికి రంగు పూసుకుని వచ్చాడు. ఫైర్ చీఫ్‌వి, మనవలున్నవాడివి, సిగ్గులేదట్రా అంటే ‘మన పిల్ల కదరా’ అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయే అక్కా. ఈ ఊళ్ళో టెన్నిస్ కోసం అంతమంది ఒక్కచోట చేరడం నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు…

తర్వాతేమైందా? ఏమీ అవలేదు. అదే అయింది. టీవీ పెడితే ఎవరో ఇద్దరు మగాళ్ళు. కొరిన్ ఏదిరా అన్నారు. వీళ్ళ తర్వాత అన్నా. వీళ్ళెప్పుడు అవగొడతారు? ఎవరో ఒకరు గెలిచాక. ఎప్పుడు గెలుస్తారు? నాకేం తెలుసు… నవ్వులాటగా ఉందా నీకు?

పోస్టరు మీద ఒంటిగంట అని నేనే వేశాను. అవును, తెలిసే వేశాను. ‘ముందు ఆటలు రెండూ ముగిశాక, దేవుడు దయతలిస్తే’ అని వేస్తే ఎవడొస్తాడు చెప్పు? ఫుట్‌బాల్ మూడున్నరంటే మూడున్నరకే. జనం దాన్ని చూసుకుని పెళ్ళి ముహూర్తాలు పెట్టుకుంటారు. మనదేమో మొదలెప్పుడో తెలీదు, ముగిసేదెప్పుడో తెలీదు…

అయినా ఓపిగ్గానే కూచున్నారు పాపం. ముక్కూ మొహం తెలీని ఆ ఇద్దర్నే చూస్తూ కూచున్నారు. వాళ్ళలో ఒకడి పేరు పలకబోయాడు డచ్, నోరు తిరగలేదు. మన అమెరికావాళ్ళే గెలిచే రోజుల్లో అయితే మా నాన్న కూడా చూసేవాడురా అన్నాడు. చివరికి ఎర్రచొక్కా వాడు మనవాడని వాళ్ళలో వాళ్ళే తీర్మానించుకుని, వాడికోసం బల్లలు చరచడం మొదలెట్టారు. పళ్ళేలు వాయించారు. చర్చి ఆడవాళ్ళు కూడా…

అక్కడే నేను… వద్దులే, చెప్తే తిడతావు.

…‘ష్’ అన్నాను.

బార్లోనే. ఆ, టీవీకే… వాడు సర్వ్ చెయ్యబోతున్నాడే. ఇన్నేళ్ళు స్కూల్లో టెన్నిస్ కోచ్‌గా పనిచేశాను, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది… ఒకసారా? రెండోసారి లేచి నిలబడి మరీ అన్నా. చెయ్యి కూడా ఎత్తాను, అంపైర్‌లాగ.

నవ్వు, నవ్వు. డచ్ మాత్రం నవ్వలేదు. ‘ఏరా లెనీ, మేం బీరుకొచ్చామా ప్రార్థనకొచ్చామా? న్యూయార్కులో ఉన్నవాడికి ఇక్కణ్ణించి నా గొంతు వినపడుతుందా?’ అన్నాడు. అక్కడితో నేను నోరు మూసుకోవాల్సింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా. ఆటకి ఒక మర్యాద ఉంటుంది అన్నాను. వాడు విన్స్ వైపు తిరిగి, ‘అయితే మర్యాద లేని ఆట ఏదైనా పెట్టు’ అన్నాడు. అంతే సంగతులు.

లేదే, ఎవరూ వెళ్ళిపోలేదు. వెళ్ళిపోయినా బావుండేది. అవే కుర్చీలు, అవే మనుషులు, డచ్ మొహం మీద అదే రంగు. అందరూ కేరింతలు కొడుతున్నారు, అందులో నేనొక్కణ్ణే చావింట్లో కూచున్నట్టు కూచున్నా…

అడగకుండా ఉంటానా? ఒక్క టీవీ అడిగాను. మరుగుదొడ్డి పక్కనున్న చిన్నదైనా ఇమ్మన్నా. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ చానెలు ఒకసారి తీశాక మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతోందట, అది విన్స్‌కి గుర్తు లేదట. మన చిన్నప్పుడు యాంటెనా తిప్పితే వచ్చేది ఈ ఆట. ఇప్పుడు తాళాలేసి దాచారు, దాచి, చూసేవాళ్ళు లేరని ఏడుస్తారు…

ఊరిని అంటావేంటి? ఊరేం చేసింది? మన మీద ప్రేమ లేదంటావా? లేకపోతే ఒంటిగంటకి ఎందుకొచ్చారు?…

మరి నన్ననిపించకు. పన్నెండేళ్ళు రాకుండానే దాన్ని ఫ్లోరిడా అకాడమీలో పడేశావు… తప్పని నేననట్లేదు. అక్కడికి వెళ్ళకపోతే ఇవాళ ఆ కోర్టుదాకా వచ్చేది కాదు, నాకూ తెలుసు. కానీ ఆ ఫుట్‌బాల్ కుర్రాళ్ళు వీళ్ళ కళ్ళముందు పెరిగారే. స్కూల్లో ఉండగా ప్రతి శుక్రవారం సాయంత్రం ఇక్కడే పడ్డారు, ఇక్కడే లేచారు. ఎవడి పన్ను ఎప్పుడు ఊడిందో ఊరందరికీ తెలుసు. కొరిన్‌ది ఎడంచేతివాటమని డచ్‌కి ఇవాళే తెలిసింది. అదీ పోస్టరు మీద బొమ్మ చూసి…

పార్కులో కోర్టులా? నువ్వు చూసి ఎన్నాళ్ళయిందో. ఒక్కటి తప్ప అన్నింటి మీదా పికిల్‌బాల్ గీతలు గీసేశారు. అదేదో పేకముక్కంత బ్యాటు, చిల్లుల బంతి. ముసలీ ముతకా అందరూ టకాటకా కొట్టుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ, ఒకటే నవ్వులు… ఆడానులే నేను కూడా ఓసారి… బావుంది. బావుంది కాబట్టే నా ఏడుపు. మిగిలిన ఆ ఒక్క కోర్టులో పగుళ్ళలోంచి గడ్డి మొలుస్తోంది. వారం వారం పోయి నేనే పీకుతున్నా…

నాకు మాత్రం బాధ లేదా అక్కా? దాని చేతికి మొదట రాకెట్ ఇచ్చింది ఎవరు? నాకంటే పొట్టిగా ఉండేది ఆ రాకెట్టుకి పిల్ల… అదే, రాకెట్టుకంటే పిల్ల పొట్టిగా ఉండేది. చూశావా, కోపంలో మాట కూడా సరిగ్గా రావట్లేదు.

వీడియోనా? ఏం చూపించను? అందరి వీపులూ ఇటే ఉన్నాయి.

…ఏంటీ? పిలిచేశారా? ఇప్పుడేనా?… ఎర్రచొక్కావాడు ఓడిపోయాడా. పోనీ, ఏదో ఒకటి అయింది.

బ్యాగు భుజాన వేసుకుందా… నీ దగ్గరికే వస్తోందా? ఫోనడుగుతోందా?

ఇవ్వకు. ఇవ్వకే అక్కా… దానికి నేనేం చెప్పేది? ఊరంతా నిన్నే చూస్తోందమ్మా అననా? మావయ్య గొంతు దానికి తెలీదా, ఇట్టే పట్టేస్తుంది… నీ నోటితో నువ్వే చెప్పు ఏదో ఒకటి… రాదా? నాకూ రాదు.

ఆగు… ఒక్క నిమిషం ఆపు దాన్ని. ఇక్కడ మనవాళ్ళు మళ్ళీ గీత దగ్గరికొచ్చారు. జనం లేచి నిలబడుతున్నారు… చెప్పినట్టు చెయ్యి. మాట్లాడకుండా ఫోను దాని చెవి దగ్గర పెట్టు. నేనూ మాట్లాడను. నాది పైకెత్తి పట్టుకుంటా…

నాకూ ఇష్టమై చెయ్యట్లేదే. పెట్టు… పెట్టావా?… ఉండు… ఉండు…

ఇదిగో—

…

…

విందా?… అక్కా, విందా అది?… ఏంటీ, నవ్విందా? నిజంగా నవ్విందా?… హమ్మయ్య. సరే, ఇంక పంపించు, ఆలస్యం చేస్తే ఊరుకోరు…

వెళ్తూ వెళ్తూ ఏదో అడిగిందా? ఏమని?… మళ్ళీ చెప్పు, ఈ గోలలో…

…మనవాళ్ళ స్కోరెంత అని అడిగిందా.

ఫుట్‌బాలని ఇట్టే పట్టేసిందన్నమాట.

ఇరవై ఒకటి–పద్నాలుగు. మనమే ముందున్నామని చెప్పు… పరిగెత్తు, లోపలికి వెళ్ళిపోకముందే చెప్పు. పెట్టేస్తున్నా.