గడియారాల మేస్త్రీ బాగుచేసిన మీటరు

యుద్ధం రోజుల్లో కంభంలో మకాం వేసిన టూరింగ్ టాకీసు ఆపరేటరు, మద్రాసులో పాతదిగా కొన్న వోల్టుల మీటరును అక్కడి గడియారాల మేస్త్రీకి బాగుచేయమని ఇచ్చాడు. వారం తర్వాత వచ్చి, దుకాణం బల్ల మీదే పరీక్షకు పెట్టాడు.

"ఏంది మామా, తీగలు దేనికీ తగిలించకముందే ముల్లు నూటపది మీద కూచోనుంది?"

"నూటపది చూపించాలని నువ్వే గదా చెప్తివి?"

"మా కరెంటు ఇంజను నూటపది ఇచ్చినప్పుడు! ఇదిగో, టార్చిలైటు బ్యాటరీ. ఒకటిన్నర రావాల."

"నూటపదే! చూడు, వెంట్రుకవాసి కదల్లేదు. పనితనమంటే అదీ."

"నీ అరచేతికి పెట్టినా నూటపదే. నీలో అంత కరెంటుంటే మా ఇంజను అమ్మేసి నిన్నే తీసకపోతా. అసలేం చేసినావు దీన్ని?"

"గడియారానికి చేసినట్లే. సరైన అంకె మీదికి ముల్లు తిప్పి పెట్టినా. ఊరికే ఊగుతా ఉందంటివి గదా అల్లుడా, బిగించినా."

"దీన్ని నమ్మి సాయంత్రం ఆట వేస్తే బల్బు మాడిపోతాది. ఆ పైన జనం నన్ను మాడుస్తారు! సరేలే, టైమెంతయింది మామా?"

వెనక గోడ నిండా గడియారాలే. మేస్త్రీ ఒక్కదానికేసీ తిరిగి చూడలేదు.

"ఉండు అల్లుడా, గిద్దలూరు రైలు కూత పెట్టనీ."