వెనక నుంచి పడిన తన్ను

అతన్ని అందరూ నిచ్చెన అనేవాళ్ళు. ఇళ్ళకి రంగులు వేసే పని. ఇరవై రెండేళ్ళు నిచ్చెన మీదే గడిచిపోయాయి. మనిషి కూడా అలాగే ఉండేవాడు, పొడుగ్గా, సన్నగా, గోడకి ఆనించి పెట్టొచ్చు అన్నట్టు. సాయంత్రం పని దిగాక స్కూలు గ్రౌండులో వాలీబాల్. నెట్ దగ్గర షాట్ కొట్టడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు, అతను చెప్పుకునేవాటిలో ఈ ఒక్కటి మాత్రం కోత కాదు. నలభై మూడో ఏట, ఆటలో, ఎడమ మడమ వెనక నరం తెగింది.

ఏడు నెలల తర్వాత చేతికర్ర లేకుండా మొదటిసారి వీధి చివర టీ కొట్టు దాకా నడిచి వచ్చాడు. దారిలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆగినప్పుడల్లా చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాడు.

కొట్టులో బెంచీ మీద ముసలి దర్జీ, ఎలక్ట్రీషియను ఉన్నారు. బెంచీ చివర బేకరీ అతను, కనుబొమల మీద పిండి ఇంకా అలాగే ఉంది. అతనూ నిచ్చెన జట్టులోనే వెనక వరసలో ఆడేవాడు. రోడ్డుకి అవతల గ్రౌండులో మిగతావాళ్ళు ఆడుతున్నారు. బంతి చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది.

"కాలెలా ఉందిరా ఇప్పుడు?" అన్నాడు దర్జీ.

ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. పిక్క కరిగిపోయి చేతి మణికట్టంత అయిందనీ, మెట్లు ఒక్కొక్కటే దిగుతున్నాననీ, పనిలో అందరూ పైకెక్కితే తను కింద కూర్చుని డబ్బాల్లో రంగులు కలుపుతున్నాననీ. నిచ్చెన ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు.

"కాలు సంగతికేంలే బాబాయ్, ముందు ఆ రోజు సంగతి విను. అసలు ఆ రోజు నాకు ఆడే ఉద్దేశమే లేదు, పొద్దుట్నుంచీ పని, ఒంటి నిండా సున్నం, ఒక్క ఆట ఆడి పోదాంలే అనుకున్నా, తీరా చూస్తే అటు జట్టువాళ్ళు ఇద్దరు కొత్తవాళ్ళని దింపారు, ఒక్కొక్కడూ తలుపంత, తలుపంటే మనింటి తలుపు కాదు, గోడౌను తలుపు! స్కోరు ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. మా లిఫ్టరు బంతి లేపాడు, అది పోతోంది, పోతోంది, కిందికొచ్చే ఆలోచనే లేదు దానికి, సరే మనమే పోదాం అని నేనూ లేచా. ఎంత లేచానో తెలుసా?"

"నెట్ మీదకి మోచెయ్యి వచ్చుంటుంది," అన్నాడు ఎలక్ట్రీషియను.

"మోచెయ్యా! నెట్ నా నడుం దగ్గరుంది! ఇంకా లేస్తూనే ఉన్నా. స్కూలు మేడ మీద నీళ్ళ ట్యాంకు లేదూ, దాని మూత కనిపించింది, మూత మీద కాకి గూడు, గూట్లో మూడు గుడ్లు. కాకి నా మొహంలోకి చూసింది, నేనూ చూశా."

"పలకరించిందా అన్నా?" అన్నాడు ఎలక్ట్రీషియను.

"పలకరించే తీరికేదీ, అవతల బంతి కాచుకునుంటే!"

టీ కొట్టాయన పక్కున నవ్వి గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు. ఆ నవ్వు చెవిన పడేసరికి నిచ్చెనకి ప్రాణం లేచొచ్చింది. ఏడు నెలలుగా ఇంట్లో అతని మాటకి ఎవరూ నవ్వలేదు. భార్య గొంతు తగ్గించి మాట్లాడేది. పక్కగదిలోంచి కూడా అలాగే.

"చెయ్యి ఎత్తా. కొట్టానంటే ఆ బంతి నేలలో దిగబడి నీళ్ళు పడేవి అక్కడ. సరిగ్గా అప్పుడు, వెనక నుంచి పడింది తన్ను! మడమ మీద!"

"ఆగన్నా," ఎలక్ట్రీషియను చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు కాకి గూడు దగ్గరున్నావు కదా. అంత ఎత్తున నీ వెనకెవడున్నాడు?"

"అదేరా నేను చెప్పేది! తన్ను కిందుండగానే పడింది, నాకు కబురు పైకెళ్ళాక అందింది!"

ఈసారి దర్జీ కూడా నవ్వాడు. నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంతకీ ఎవడు తన్నింది?" అన్నాడు.

"పేరెందుకులే బాబాయ్. మనోడే. ఆటన్నాక కాలు తగలదా? అలాంటివి మనసులో పెట్టుకునే మనిషిని కాదు నేను."

బెంచీ చివర బేకరీ అతని వైపు ఎవరూ చూడలేదు. చూడకుండా ఉండటానికి దర్జీ కళ్ళజోడు ఇంకోసారి తుడిచాడు. బేకరీ అతను గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. మాట ఆపితే అటు చూడాల్సొస్తుందని నిచ్చెన ఆపలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నరం తెగిన చప్పుడు! మూడు వీధుల అవతల బస్సు డ్రైవరు టైరు పేలిందనుకుని బండి ఆపేశాడు, జనమంతా దిగి నాలుగు టైర్లూ కాలితో తన్ని చూశారు..."

"బస్సుకి ఆరుంటాయి," అన్నాడు ఎలక్ట్రీషియను.

"ఆరూ చూశార్లే! ఇక ఆస్పత్రిలో నాకు మత్తు ఎక్కితేగా? సీసాలకి సీసాలు ఎక్కించారు, పక్కనున్న నర్సమ్మ నిద్రపోయింది గానీ నా కన్ను మూత పడలేదు. డాక్టరు కాలు కోసి చూసి హడలిపోయాడు, ఇంత లావు నరం నా చదువులో చూళ్ళేదన్నాడు, దారం చాలక లిఫ్టుకి కట్టే తీగ తెప్పించాడు. నేనే బల్ల మీద లేచి కూర్చుని, సార్, అదిగో ఎడం పక్క కొస వదిలేశారు అని చూపించా. మూడో రోజుకల్లా కట్టుతోనే మేడ ఎక్కా, మూడంతస్తులు, ఒంటికాలి మీద, నిచ్చెన కూడా లేకుండా..."

"అన్నా."

బేకరీ అతని గొంతు ఎప్పుడూ చిన్నదే. అయినా అందరికీ వినిపించింది.

"నా కాలు నిజంగా తగిలిందా అన్నా నీకు?"

నిచ్చెన గ్లాసు అందుకున్నాడు, తాగలేదు.

"నువ్వు పడ్డాక వెనక్కి తిరిగి, ఎవడ్రా తన్నిందని నన్నే చూశావు. తగిలినట్టు నాకు తెలీలేదు. తగల్లేదని గట్టిగా చెప్పనూ లేను, బంతి కోసం పరిగెడుతున్నా కదా. పిండి కలుపుతున్నంతసేపూ అదే ఆలోచన. నా కాలెక్కడుంది, నీ కాలెక్కడుంది అని. మళ్ళీ ఆ గ్రౌండులో అడుగు పెట్టలేదు నేను."

నిచ్చెనకి ఆస్పత్రి గుర్తొచ్చింది. డాక్టరు బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కాడు. పాదం కదల్లేదు. "వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించిందా?" అని అడిగాడు. అవునన్నాడు. "ఇది తెగినవాళ్ళు చాలామంది అదే అంటారు. ఎవరూ తన్నరు. నరం అరిగిపోయి ఉంటుంది, దూకబోతే తెగుతుంది." అరిగిపోయింది అన్న మాట నిచ్చెన ఇంటికి తీసుకురాలేదు. చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ ఎవరో తన్నారనే చెప్పాడు. ఎవరో తన్నారంటే తను ఇంకా నిచ్చెనే.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున బేకరీ అతను కాగితంలో చుట్టిన వేడి బ్రెడ్డు తెచ్చేవాడు. గడప దాటేవాడు కాదు. "అన్నకెలా ఉంది వదినా?" అని అడిగి వెళ్ళిపోయేవాడు. "అతనికెందుకండీ ఇంత బాధ?" అని భార్య ఓసారి అడిగింది. "మంచివాడు" అని చెప్పి ఇంకో ముక్క కోసుకున్నాడు నిచ్చెన.

"తగల్లేదు తమ్ముడూ," అన్నాడు.

నిచ్చెన గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు.

"నువ్వు నాకు నాలుగు బారల దూరంలో ఉన్నావు. ఎవరూ తన్నలేదు. నేను అసలు లేవనే లేదు. లేవబోయాను. కాలు నేల మీదుండగానే తెగింది."

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు బేకరీ అతను.

అబద్ధానికి ఇంకా చోటుంది. పోయిన వారమని అనొచ్చు. ఇవాళే అనొచ్చు.

"మొదటి రోజే."

బేకరీ అతను చాలాసేపు నిచ్చెన మొహంలోకి చూశాడు. తిడతాడేమో అనుకున్నాడు నిచ్చెన, తిడితే బావుండును అని కూడా అనుకున్నాడు. అతను లేచి చొక్కా దులుపుకున్నాడు.

"వదినకి చెప్పు. ఈ ఆదివారం నుంచి రాను."

రోడ్డెక్కి, గ్రౌండు వైపు కాకుండా బేకరీ వైపు తిరిగి, తల వంచుకుని నడిచి వెళ్ళిపోయాడు.

నిచ్చెన లేచాడు. ఒకప్పుడైతే పది అంగల్లో అందుకునేవాడు. గుంజ పట్టుకుని మెట్టు మీద నుంచి తెగిన కాలు దించి, మంచిది దాని పక్కకి చేర్చి, తలెత్తేసరికి అతను మలుపు తిరిగిపోయాడు.

"బండి మీద దింపనా అన్నా?" ఎలక్ట్రీషియను వెనకాలే వచ్చాడు. ఇప్పుడతని గొంతులో వెటకారం లేదు.

"వద్దులే."

బేకరీ రెండు వీధుల అవతల. నిచ్చెన గోడవారగా నడవడం మొదలుపెట్టాడు. అక్కడికి చేరాక ఏం చెప్పాలో ఒక్క మాటా తోచలేదు.