ఇంట్లో మాట్లాడే భాష

పీలమేడు అనే తమిళ ఊరి కాలేజీలో ఇరవై ఏళ్లుగా కుటుంబం గురించి పాఠాలు చెబుతున్న సోషియాలజీ మాస్టారు, ఆదివారం భోజనం ముగించి, ఇందుజ అనే విద్యార్థిని పంపిన సర్వేను ఫోన్‌లో నింపుతున్నాడు. భార్య ఆయన కంచం తీస్తోంది.

"ఇంట్లో మాట్లాడే భాష ఏమని అడిగింది. తెలుగని పెడ్తిని."

"ఎవరితో మాట్లాడే తెలుగు అది?"

"నీతోనే."

"ఈ పొద్దు సర్వే పుణ్యాన తెలుగు. దినమూ నాతో తమిళమే కదా. పొద్దున కాఫీ అయిందా అని 'కాఫీ ఆచ్చా', రాత్రి తాళం వేస్తివా అని 'గేటు పూట్టియాచ్చా'. నడుమ ఏమీ లేదు."

"మరి తెలుగు ఎవరితో మాట్లాడేది?"

"మణితో. తింటివా నాయనా, ఎండలో ఎందుకు పండుకొంటివి అని దినమంతా అడుగుతారు."

"మణి కుక్క."

"కుక్కే. నేను కాదంటినా?"

మనసులో మాట ఇంటి భాషలోనే వస్తుందని ఏటా బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసే మనిషి ఆయన. పిల్లలు ఆ గీతలు కూడా దించుకునేవారు.

"నీవు నన్ను తెలుగులో తిట్టేదానివి కదా."

"ఆరు నెలల ముందే మానేస్తిని. ఏమన్నా 'తప్పుదాన్' అంటిరి. తప్పంతా ఒప్పుకొనే మనిషితో ఎంతసేపని తగువాడేది?"

"నేను గమనించనే లేదు."

"అదీ తెలుసు."

"అయితే తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమందని పెట్టేది?"

"ఇద్దరని పెట్టండి. మీరూ, మణీ."

ఆయన ఫోన్ బోర్లించాడు. ఆమె ఇంకా భోంచేయలేదని అప్పుడు తోచింది. గొంతు సవరించుకొని, తరగతిలో ఎన్నడూ లేని బెరుకుతో అడిగాడు.

"తింటివా?"

బల్ల కింది నుంచి మణి తోకాడించుకుంటూ లేచి వచ్చింది.