రుద్దేసిన జవాబు

అధ్యక్షస్థానంలో ఉన్న హెడ్మాస్టరుగారికి, నాకంటే ముందే రిటైరై ముందు వరుసలో హాయిగా కూర్చున్న పెద్దలకు, తోటి టీచర్లకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం. నేను కుదురుగా నిలబడలేకపోతున్నానని గమనించే ఉంటారు. మోకాళ్ళ నొప్పి కాదు, మనసు నిలవడం లేదు.

నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అందులో సగం నిజమైనా మీరు నన్ను పంపించేవారు కాదు. (నవ్వులు) వాటికి కృతజ్ఞతలు చెబుతూనే, నా రెండో తరగతిలో గువ్వ అని మేమంతా పిలుచుకునే పిల్ల సంగతి చెప్పకుండా ఈ వేదిక దిగలేను.

గువ్వ పాఠం చదివితే కుళాయి తిప్పినట్టే, ఎక్కడా ఆగదు. రాతలోనూ మార్కులకు లోటు లేదు, ఎందుకంటే మనమంతా నేర్పే పద్ధతి మీకు తెలిసిందే: ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఎక్కడుందో వెతుకు, ఆ వాక్యం దించెయ్. ఒకరోజు చిన్న కథ ఇచ్చాను. తాత కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుని, దానికోసమే ఇల్లంతా వెతుకుతాడు. మనవరాలు ఫక్కున నవ్వుతుంది. ఎందుకు నవ్వింది అని అడిగితే, గువ్వ ముత్యాల్లాంటి అక్షరాలతో “మనవరాలు ఫక్కున నవ్వింది” అని రాసింది. (నవ్వులు) నాకూ నవ్వొచ్చింది. ఆ వెంటనే అర్థమైంది. ఇంత బాగా చదివే పిల్లకు కథే అందడం లేదు.

అప్పటినుంచి పుస్తకం మూయించి, నీ మాటల్లో చెప్పు, చెప్పిందే రాయి అని వెంటపడ్డాను. ఆలోచించడం మొదలుపెట్టేసరికి చదువు నెమ్మదించింది, మార్కులు పడిపోయాయి. అదిగో, కిటికీ పక్కన కూర్చున్న వాళ్ళమ్మగారు వచ్చి, “గలగలా చదివే పిల్లని రెంటికీ చెడ్డ రేవడిని చేశారు టీచరుగారూ” అన్నారు. ఏ తల్లికైనా కడుపు మండుతుంది. పోయేముందు ఈ తలనొప్పి ఎందుకమ్మా అని హెడ్మాస్టరుగారూ అన్నారు. అన్నారా లేదా సార్? (నవ్వులు)

ఇవాళ పొద్దున ఇంకో కథ ఇచ్చాను. చెల్లి గాజుగ్లాసు పగలగొడితే, నేనే పగలగొట్టానని అన్న చెబుతాడు. ఎందుకలా చెప్పాడని ప్రశ్న. గువ్వ ఏదో రాసింది, రబ్బరుతో రుద్దేసింది, దానిమీద పాఠంలోని వాక్యమే దించింది. కాగితం వెలుతురుకు పెట్టి చూస్తే, రుద్దింది చదవడానికి వచ్చింది. “దెబ్బలు పడితే చెల్లి ఏడుస్తుంది. అన్న ఏడవడు.” ఎందుకు రుద్దావే తల్లీ అంటే, “అది పాఠంలో లేదుగా టీచర్, మార్కు పోతుంది” అంది. నాకు ఏడుపొచ్చింది, దాచను. పిల్ల ఒడ్డుకు చేరే వేళకు నేను వెళ్ళిపోతున్నాను.

రేపు నా క్లాసు తీసుకునే చిన్న టీచరుగారూ, మీరు తలూపుతున్నారు. అది చాలదు, నేనూ ఇన్నేళ్ళు మీటింగుల్లో తలూపినదాన్నే. (నవ్వులు) నోటితో చెప్పండి.

(చిన్న టీచరు లేచి: “రుద్దనివ్వనండీ. మార్కు కూడా వేస్తాను.”)

అమ్మా, కిటికీ పక్కనున్న అమ్మా, విన్నారుగా. ఇంట్లో మీరూ రుద్దనివ్వకండి. అందరికీ ధన్యవాదాలు. ఇక సెలవు.