కనబడని దీపం ఎర్రగా కనబడిన వైనం

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మన రైల్వే అధ్యక్షులు నుమాతా గారికి, వేదిక మీది పెద్దలకు, ముప్పై ఎనిమిదేళ్లు నాతోపాటు మంచులో చేతులు కొంకర్లు పోయేలా పనిచేసిన సిగ్నల్ విభాగం మిత్రులకు, డ్రైవర్లకు, స్టేషన్ల వాళ్లకు, ఇంత వంట చేసి పెట్టి నా ప్రసంగం అయ్యేదాకా ఒక్క ముక్క ముట్టనివ్వకుండా కాపలా కాస్తున్న క్యాంటీన్ అక్కలకు, తల వంచి నమస్కారం. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడిన నలుగురూ నన్ను ‘కనబడని దీపం కట్టిన ఒయికావా’ అని పొగిడారు. అది చాలదన్నట్టు నుమాతా గారు ఆ దీపంతో తీసిన ఫొటోని తలుపంత పెద్దది చేయించి నా వెనకాల గోడకి తగిలించారు. మూడు జింకలు పట్టాలు దాటుతున్న ఫొటో. వినీ వినీ నాకు విసుగొచ్చింది, క్షమించాలి. ఆ దీపం సంగతి నాకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికీ తెలియదు కాబట్టి నేనే చెబుతాను, కాస్త చిరాగ్గానే చెబుతాను.

కిందటి చలికాలం మన బండి ఆరుసార్లు జింకల్ని గుద్దింది. కంచె వేద్దామన్నారు. ఆ కంచెలో జింకలకి దారి ఎక్కడ వదలాలో తెలియాలంటే అవి రాత్రిపూట ఎక్కడ దాటుతున్నాయో ఫొటో తీయాలన్నారు. మామూలు ఫ్లాష్ వెలిగితే జింక బెదురుతుంది, డ్రైవరుకి కళ్లు చెదురుతాయి, కాబట్టి కెమెరాకి తప్ప ఎవరికీ ఆనని ఇన్‌ఫ్రారెడ్ దీపం కావాలన్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. బజారులో దొరికేవి జింకల్ని గుద్దిన ఆ మలుపు దగ్గర సగం దూరం కూడా అందుకోవంటే, నుమాతా గారు చేతిలో టీ కప్పు కింద పెట్టకుండానే, “మన దగ్గర దీపాలవాళ్లు ఉన్నారు కదా, వాళ్లే కడతారు” అనేశారు. అయ్యా, మేం సిగ్నల్‌వాళ్లం. దీపం దూరం నుంచి కనబడేలా చూడటమే మా బతుకు. కనబడకుండా కట్టమనడం వంటవాడిని రుచి తెలియకుండా వండమనడమే. (నవ్వులు)

అయినా కట్టాం. అల్యూమినియం పలక మీద తొంభై ఆరు చిన్న బల్బులు, వెనక లారీ బ్యాటరీ. ఇక తనిఖీ. మన పద్ధతి మీకందరికీ తెలుసు, పట్టాల పక్కన ఏ దీపమైనా సరే రోజూ వేలు పెట్టి చూపించి, ‘వెలుగుతోంది, సరే’ అని గట్టిగా చెప్పి, సంతకం పెట్టాలి. నా సహాయకుడు ఇవాబుచి, అదుగో ఆ మూల తలొంచుకుని నవ్వుతున్నాడు చూడండి, మొదటి రోజే మొరాయించాడు. “మేస్త్రీ గారూ, కనబడనిదాన్ని చూపించి వెలుగుతోందని ఎలా అరవమంటారు?” అన్నాడు. రూలు రూలేరా, అరిచి చెప్పు అన్నాను. ఇరవై రోజులు అరిచాం, ఇరవై సంతకాలు పెట్టాం. ఫొటోలన్నీ బొగ్గులా నల్లగా వచ్చాయి. తీరా చూస్తే బ్యాటరీ తీగ మొదటి రోజు నుంచీ ఊడే ఉంది. (పెద్దగా నవ్వులు) నవ్వండి. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

తీగ బిగించాక కూడా ఫొటోలు మసకే. ఇవాబుచి వివరించాడు, ఈ బల్బులు రెండు రకాలట. ఒక రకం నిజంగా కనబడదు, కానీ కెమెరాకీ అంతంత మాత్రమే. రెండో రకానికి వెలుగు ఎక్కువ, కానీ చీకట్లో నేరుగా చూస్తే సన్నగా ఎర్రగా కనబడుతుంది. వద్దు మేస్త్రీ గారూ అని కూడా అన్నాడు. నేను రెండో రకం వేయించి, పట్టపగలు వర్క్‌షాపులో ముఖానికి ఎదురుగా పెట్టుకుని చూసి, “ఎక్కడరా ఎరుపు, నీ తలకాయ” అని కసిరాను. తీసుకెళ్లి మలుపులో, వచ్చే బండికి ఎదురుగా బిగించాను.

రెండో రోజు ఆఖరి బండి ఆ మలుపు ముందు ఆగిపోయింది. నడుపుతున్నది మిసావా కానాయె. ఆమె కిందికి దిగి, దారంతా నడిచి చూసి, ఫోన్ చేసి అనుమతి తీసుకుని మళ్లీ కదిలేసరికి ముప్పై ఎనిమిది నిమిషాలు ఆలస్యమైంది. విచారణలో ఆమె చెప్పింది మూడే మాటలు. “ఎర్ర దీపం కనబడింది. కనబడితే ఆపాలి. ఆపాను.” అక్కడ ఎర్ర సిగ్నల్ ఏదీ లేదన్నారు. ఒయికావా గారి దీపం ఉంది కదా, అది కనబడుతుందా అని నన్నడిగారు. ఇన్‌ఫ్రారెడ్ కాంతి మనిషి కంటికి కనబడదు అని చెప్పాను. పుస్తకంలో ఉన్న వాక్యం అది, అక్షరం తప్పు లేదు. ‘డ్రైవరు భ్రమ’ అని రాసుకున్నారు. ఆమెని కంటి పరీక్షకి పంపారు. రెండు నెలలు టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఆ రాత ఆమె సర్వీసు పుస్తకంలో ఇప్పటికీ ఉంది.

విచారణకి ముందురోజు చీకటిపడ్డాక నేను ఒక్కణ్ణే ఆ మలుపుకి నడిచి వెళ్లాను. డ్రైవరు కంటి ఎత్తుకి నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. ఎర్రగా ఉంది. సన్నగా ఏమీ కాదు, తొంభై ఆరూ కలిసి నిప్పుకణికలా కనబడింది. అది చూసి వచ్చి, తెల్లారి ఆ వాక్యం చెప్పాను. ఎందుకు చెప్పానంటే, రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది, ఒక్క తప్పూ లేని ఒయికావా అన్న పేరుంది, ఆ పేరు మీద నాకు అంత తీపి. ఆ వారమే చప్పుడు చేయకుండా మొదటి రకం బల్బులు తిరిగి వేశాను, రెట్టింపు వేశాను. మీ గోడ మీది ఫొటో దానితో వచ్చింది. ఇవాబుచి అంతా చూశాడు, ఒక్క మాట అనలేదు. వాడు అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

నుమాతా గారూ, కంచె వేశాక జింకల్ని గుద్దడం ఆగింది, సంతోషం. మీరు ఇవ్వబోతున్న జ్ఞాపిక మాత్రం వద్దు. ఈ కవరులో ఆ ‘డ్రైవరు భ్రమ’ అన్న రాత తప్పని నేను రాసి సంతకం చేసిన వాంగ్మూలం ఉంది, దీని మీద మీ ముద్ర పడితే అదే నాకు సన్మానం. ఇప్పుడే చదవనక్కర్లేదు, భోజనాల తర్వాత చదవండి. కానీ ఇవాళే చదవండి.

అందరికీ కృతజ్ఞతలు. కానాయె గారూ, మీరు తలుపు దగ్గర నిలబడ్డారని తెలుసు, ఆఖరి బండికి టైమైంది, మీరు వెళ్లాలి. మీ కళ్లకి ఏ లోపమూ లేదు. మీరు చూసింది ఎరుపే. మీకంటే ముందు నాకు ఆ సంగతి చెప్పినవాడున్నాడు, మీ తర్వాత కళ్లారా చూసినవాణ్ణి నేనున్నాను, ఎనిమిది నెలలు నోరు మూసుకున్నాను. క్షమించండి. ఇక సెలవు.