కర్రలు లేని గోడ

మళ్ళీ మొదలుపెట్టావూ! నాకు థాంక్స్ చెప్పొద్దని ఎన్నిసార్లు అనాలే, గున్‌బోర్గ్? ఏటా లూసియా పండుగకి కుంకుమపువ్వు రొట్టెలు పట్టుకు రావడం, గోడకి వేలాడే ఈ బొమ్మ ముందు నిలబడి కళ్ళు తుడుచుకోవడం, "మీ ఆయన దేవుడు టెక్లా అత్తా, మా నాన్నని ఇందులో బతికించి పెట్టాడు" అనడం!

దేవుడట! కూర్చో. కోటు విప్పకపోయినా సరే, కూర్చో.

మంచు బాగా వేశాడు, కాదనను. తెల్లరంగు ముట్టుకునేవాడు కాదు మా ఆర్విద్. కాస్త నీలం, కాస్త గులాబీ, వీధిదీపం కింద చిటికెడు పసుపు. అంతే, తెల్లగా అయిపోయేది! ఎలాగో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. ఇదిగో, ఉత్తరాల సంచీతో గోడవారన మీ నాన్న. ఇంకో పదడుగులు వేస్తే...

అదలా ఉంచు. పైన చూడు. ఇంటి కప్పు మీద ఎవరు?

ఆఁ, మంచు తోసేవాళ్ళు. మరి కింద? గోడేనా? సరిగ్గా చూడవే! స్టాక్‌హోమ్‌లో పుట్టి పెరిగినదానివి. కప్పు మీద పార పడితే, మంచు పడుతుంది, ఇటు నడవకండని కింద గోడకి ఏం ఆనిస్తారు?

హమ్మయ్య. "కర్రలేవత్తా" అని నలభై ఒక్క ఏళ్ళకి ఒకరు అడిగారు. ఎంతమంది పెద్దమనుషులు వచ్చి మెచ్చుకున్నారు! కర్రలేవని ఒక్కరికైనా తోచిందా?

ఆ రోజు ఉన్నాయే. రెండు, పొడుగువి. "నా చేత్తో పెట్టానండీ" అని ఆ కప్పుమనిషి కోర్టులో మొత్తుకున్నాడు చూడు, నిజమే చెప్పాడు. కర్రలు పెట్టలేదని రెండు చలికాలాలు జైల్లో ఉన్నాడు. వాడి పేరెత్తితే నువ్వు ఈనాటికీ ఉమ్మేస్తావు.

వీధిలో నిలబడి ఈ బొమ్మ వేస్తున్న ఆర్విద్‌కి అడ్డొచ్చాయి. "టెక్లా, ఆ కర్రలు నా గోడని ముక్కలు చేస్తున్నాయే! వాళ్ళు అటకలో కాఫీ తాగుతున్నారు, కాసేపు మన గుమ్మంలో పెట్టు" అన్నాడు. పెట్టాను. చలికి గడ్డకట్టిన రంగుల గొట్టాలు చంకలో పెట్టుకుని వెచ్చ చేస్తూ ఆయన పక్కనే నిలబడ్డాను.

వాళ్ళు అటక నుంచే మళ్ళీ కప్పెక్కారు. కిందకి చూడలేదు. మీ నాన్న వచ్చాడు. కర్రలు లేవు కదా, ధీమాగా గోడవారనే నడిచాడు. కప్పు అంచు మంచు మొత్తం ఒక్కసారే జారి మీద పడింది.

చెప్పేస్తానన్నాడు ఆర్విద్. కోటు కూడా వేసుకున్నాడు. నేనే తలుపుకి అడ్డం నిలబడ్డాను.

అలా చూడకే. ఇంకా ఉంది. కర్రల కోసం వీధంతా వెతికారు. దొరికితే ఆ కప్పుమనిషి బయటపడేవాడు. ఎలా దొరుకుతాయి? కోసి పొయ్యిలో పెట్టాను. ఎండిన కర్రలు, చిటపటలాడుతూ మండాయి. ప్రశ్నలడగడానికి వచ్చిన పోలీసాయన ఆ మంట దగ్గరే చేతులు కాచుకున్నాడు.

"మీ ఇల్లు వెచ్చగా ఉందమ్మా" అన్నాడు.

వెచ్చగానే ఉంది మరి.