గోరు మందం తేడా

హలో… ఆ, నేనే. కొట్టు ఫోన్ నుంచి చేస్తున్నాను. నా నంబరైతే ఎత్తడం లేదుగా.

… బాగానే ఉన్నాను. అది తర్వాత. పిట్టల మాస్టారు తెలుసుగా, కొంగల ఫొటోలు తీసే ఆయన. పాత లెన్సు కొత్త కెమెరాకి తగిలించుకోవడానికి రింగు కొన్నాడు. అవి చేసేది నేనైనా, కొన్నది నా దగ్గర కాదు. ఎవరి దగ్గరో నువ్వే చెప్పు.

… వద్దులే. దగ్గరి పువ్వు శుభ్రంగా వస్తోందట, చెరువు అవతలి కొంగ మసకట. నిన్న తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కొలిచాను. గోరు మందం ఎక్కువుంది, అందుకే దూరానిది మసక.

… నిజమే, తప్పు ఎవరైనా చేస్తారు. కానీ నేను చేసిన తప్పే ఎలా చేస్తారు రా? నా మొదటి రింగూ అంతే మందం. మూడో మర రంధ్రం కూడా పక్కకి పోయింది. ఆ రోజు నా డ్రిల్లు జారింది, దీపం పట్టుకున్నది నువ్వే. ఇద్దరికీ ఒకే చోట జారిందంటావా?

… కట్ చెయ్యకు.

ఆరేళ్లు లేతు మిషను దగ్గర నిలబెట్టి, చెయ్యి పట్టుకుని నేర్పాను. ఫోన్ కవర్లు అమ్ముకుంటానన్నావు, మంచిదే అన్నాను. రింగులే చేస్తానని చెప్పి ఉంటే సరైన కొలత రాసిచ్చేవాణ్ణి.

… ఇచ్చేవాణ్ణి కాదా? ఏమో. రెండు రోజులు సతాయించి ఇచ్చేవాణ్ణి.

ఒక్కటి చెప్పు. నువ్వు చూసి అచ్చు దింపిన ఆ మొదటిది కొట్లో లేదు. పారెయ్యలేక ఇంట్లో బీరువాలో దాచాను. నీ చేతికెలా వచ్చింది?

… వినపడలేదు.

… మీ అక్కా?

… తనే తీసిచ్చిందా.

… నాకు చెప్పొద్దంది కూడానా.

… కూర్చుంటున్నాను, అంతే.

నిన్న మాస్టారు వచ్చినప్పుడు తను నా పక్కనే ఉంది రా. ఆ రింగు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరి పాపాన వాళ్లే పోతారులెండి, అంది. నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

… తమ్ముడివని జాలిపడింది. సరే. నీ మీద జాలి. మరి నా మీద ఏమిటి?

… రావద్దు. నువ్వొచ్చి కాళ్లు పట్టుకుంటే కొలత మారదు.

విను. నువ్వు ముంచితే తట్టుకుంటాను. వ్యాపారంలో ఎవడో ఒకడు ముంచుతాడని కొంత ముందే పోయిందనుకుని దిగుతాం. మీ అక్క వైపు నుంచి పోతుందని ఏమీ అనుకోలేదు.

నాకు తెలిసిందని తనకి చెప్పకు.

… ఎందుకంటే, అడిగితే నిజం చెప్పేస్తుంది. ఆ తర్వాత ఎదురుగా కూర్చుని అన్నం ఎలా తినాలో నాకు తెలీదు.

… ఊఁ. నీకూ నాకూ ఇవాళ్టితో మాటల్లేవు. తన ముందు మాత్రం ఉంటాయి. అర్థమైందా?

… ఏడవకు. మీ అక్క వస్తోంది. గొంతు సవరించుకో.

— ఆఁ, నీ తమ్ముడే. ఫోన్ కవర్లు బాగా పోతున్నాయట. … ఇదిగో, నీతో మాట్లాడతాడట. తీసుకో.